గెడ్డ ఒడ్డున మాత్రం గుడారం వేయకు

మర్రిపాలెం,
విశాఖపట్నం.

చిరంజీవి చిన్నీకి మేనత్త ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. దసరా వెళ్ళాక నలుగురు స్నేహితులూ కారులో గుడారం పెట్టుకుని నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కుతారట. చింతపల్లి, పాడేరు దాటాక పెద్ద రోడ్డు వదిలి ఊళ్ళ దారుల్లో తిరుగుతూ అరకు చేరి, అనంతగిరి ఘాట్ మీదుగా దిగుతారట. వినగానే గుండె గుభేలుమంది. కాసేపటికి సంతోషం కూడా కలిగింది. మా రోజుల్లో ఆడపిల్ల ఆ కొండలు చూడాలంటే అక్కడ ఉద్యోగమైనా పడాలి, అటు వాళ్ళతో పెళ్ళైనా జరగాలి. నువ్వు చూడాలనిపించి వెళ్తున్నావు. తప్పకుండా వెళ్ళు. నాన్న వద్దన్నాడని అలిగి అన్నం మానేశావట. ఆ సంగతి కింద రాస్తాను, అది చదివేదాకా వాడి మీద కోపం పెట్టుకోకు.

కాలం మంచిదే ఎంచుకున్నావు. అరకు వైపు వలిసె చేలు పసుపు పచ్చగా పూసి ఉంటాయి. కాఫీ కాయలు అప్పుడప్పుడే ఎరుపెక్కుతుంటాయి. వంజంగి కొండ మీద తెల్లవారుజామున నిలబడితే మబ్బులు మన కాళ్ళకు దిగువన ఉంటాయి. కానీ బంగాళాఖాతంలో తుఫానులు పుట్టే నెలలు కూడా ఇవే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవు. మన వీధిలో చెట్టన్నది మిగలలేదు. ఏజెన్సీలో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలిపోయి రైతులు గుండెలు బాదుకున్నారు. అందుకని వాయుగుండం మాట వినబడితే ప్రయాణం మానుకోండి. విశాఖలో ఎండ కాస్తోందని బయలుదేరవద్దు. సెలవు మళ్ళీ దొరుకుతుంది.

కారు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. నర్సీపట్నంలో ట్యాంకు నింపించు, స్టెప్నీలో గాలి చూసుకో, చేతిలో నగదు ఉంచుకో. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేయకు. తక్కువ గేరులో దిగితే బ్రేకులు వేడెక్కవు. ఎక్కే బండికి దారి ఇవ్వాలి. మంచులో పెద్ద లైటు వేస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు, లైటు కిందికి దించుకోవాలి.

అక్టోబరులో ఐదున్నర దాటితే చీకటి పడిపోతుంది. కొండల మధ్య సూర్యుడు ఇంకా ముందే దాక్కుంటాడు. కాబట్టి నాలుగింటికల్లా ఆగిపోవాలి. ఇంకో పది కిలోమీటర్లే కదా అని ఎవరన్నా వినకు. రిజర్వు అడవిలోకి దిగకండి, అనుమతి లేకుండా అక్కడ ఉండకూడదు. ఊరి దగ్గర ఆగి పెద్దలను అడగండి. బడి ఆవరణో, కోత అయిపోయిన మెట్ట చేనో చూపిస్తారు. నీళ్ళు, కట్టెలు ఇస్తారు. తెల్లారేసరికి చోడి (రాగి) అంబలి కూడా ఇస్తారు. మీరు డబ్బు ఇవ్వడం మరచిపోవద్దు, అడగకుండా వాళ్ళ ఇళ్ళనూ ఆడవాళ్ళనూ ఫోటోలు తీయవద్దు.

ఇక మీ నాన్న సంగతి.

వాడు అప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. నేను పాడేరుకు అవతల పెదబయలు వైపు ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళు తిరిగే ప్రభుత్వ నర్సుగా చేస్తున్నాను. దసరా సెలవులకు ముగ్గురు మిత్రులతో అద్దె జీపులో నన్ను చూడటానికి వచ్చాడు. నా క్వార్టరు ఒకటే గది. పడుకోవడానికి బడి వరండా చూపించాను. వాడికి నచ్చలేదు. ఊరికి దిగువన గెడ్డ (కొండవాగు) మలుపు తిరిగే చోట ఇసుక తిన్నె ఉండేది. చదునుగా, ముల్లూ రాయీ లేకుండా, పక్కనే నీళ్ళు. జీపు నేరుగా అక్కడికి దించి టార్పాలిన్ కట్టారు. పశువులు తోలుకొస్తున్న ఒక పెద్దాయన ఆగి, ఇక్కడ వద్దని చెప్పాడు. ఆయనది ఆదివాసీ ఒడియా, వీళ్ళకు సగమే అర్థమైంది. చేత్తో పై కొండల వైపు చూపించాడు. వీళ్ళు తలెత్తి చూస్తే ఒక్క మబ్బు లేదు. సరేనని తలూపి ఆయన్ను పంపేశారు.

వాన వాళ్ళ నెత్తిన పడలేదు. ఎగువన, రెండు కొండల అవతల పడింది. అర్ధరాత్రి దాటాక వీపు కింద తడి తగిలి మీ నాన్నకు మెలకువ వచ్చింది. టార్చి వేసి చూసేసరికి మోకాలి లోతు, మిగతా వాళ్ళను లేపేసరికి నడుము లోతు. ఎర్రటి నీళ్ళు దుంగలను మోసుకుంటూ వస్తున్నాయి. ఇద్దరు గట్టెక్కారు. మీ నాన్న, ఇంకో కుర్రాడు జీపును వదల్లేక వెనక్కి తిరిగారు. అది ఒరిగి కొట్టుకుపోయింది. వీళ్ళిద్దరూ నేరేడు చెట్టు కొమ్మ పట్టుకుని తెల్లవార్లూ దాని మీదే ఉన్నారు. కేకలు విని ఊరంతా కాగడాలతో వచ్చింది కానీ ఆ చీకట్లో నీళ్ళలో దిగే వీలు లేదు. నేను గట్టు మీద నిలబడి తమ్ముడి పేరు పిలుస్తూనే ఉన్నాను. పలికినంతసేపూ బతికి ఉన్నట్టు. తెల్లారాక అడ్డనార తాళ్ళు కట్టుకుని దిగి తీసుకొచ్చిన వాళ్ళలో మొదటివాడు ఆ పశువుల పెద్దాయనే.

మిత్రుడి మోకాలు దుంగ తగిలి చితికిపోయింది. ఇప్పటికీ ఆ కాలు మడవలేడు. ఇసుకలో పడుకుందామన్నది మీ నాన్న. ఆ మాట వాడు మరచిపోలేదు. చిన్నప్పుడు మిమ్మల్ని భీమిలికి, రుషికొండకు ఎన్నిసార్లు తిప్పినా అరకు మాటెత్తితే ఎందుకు లేచి వెళ్ళిపోయేవాడో ఇప్పుడు తెలిసిందా? నువ్వు ఆడపిల్లవని కాదమ్మా. నిన్న రాత్రి వాడిని అడిగాను, చిన్నీకి రాయనా అని. "నువ్వే రాయి అక్కా, నా వల్ల కాదు" అన్నాడు.

కాబట్టి ఎక్కడ ఆగినా ముందు ఒడ్డున ఉన్న పొదలను చూడు. కొమ్మలకు ఎండుగడ్డి, పుల్లలు చిక్కుకుని ఎంత ఎత్తున వేలాడుతున్నాయో చూడు. నీళ్ళు అంతవరకూ వచ్చి పోయాయన్నమాట. దానికి ఇంకా బాగా పైన గుడారం వేయాలి. తేటగా పారుతున్న నీరు ఉన్నట్టుండి రంగు మారినా, చప్పుడు పెరిగినా సామాను వదిలేసి ఎత్తుకు నడవండి. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే కారు దింపవద్దు, నీళ్ళు తగ్గేదాకా కూర్చోండి. అరకు దగ్గరి చాపరాయి జలపాతంలో బండల మీద జారి పోయిన పిల్లల గురించి ఏటా వింటూనే ఉన్నాం.

రెండో భయం దోమ. మలేరియా పరీక్షకు రక్తపూతలు తీసిన చేతులతో రాస్తున్నాను, నవ్వకు. గుడారంలో కూడా దోమతెర కట్టుకో, సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా వేసుకో. మలేరియా వెంటనే బయటపడదు. తిరిగొచ్చిన రెండు మూడు వారాలకు చలితో జ్వరం వచ్చినా, ఏజెన్సీలో పడుకున్నానని డాక్టరుకు మొదటి మాటగా చెప్పి రక్తపరీక్ష చేయించుకో. ఒట్టి నేల మీద పడుకోవద్దు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, కాటు నొప్పి కూడా తెలియదు. ఎవరికైనా తెల్లారి కడుపునొప్పి వచ్చి కనురెప్పలు వాలిపోతుంటే నాటుమందులంటూ ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. బూట్లు దులిపి వేసుకోండి.

ఇంతా రాశాక నాకే జాలేసింది, పిల్లను ఇంత భయపెట్టానా అని. కానీ నువ్వు చిన్నప్పటి నుంచీ చెప్పింది శ్రద్ధగా వినే పిల్లవు. కారు నడపడం నేర్చుకున్న నెలకే నన్ను సింహాచలం ఘాట్ ఎక్కించి దించావు, ఒక్క కుదుపు లేకుండా. ఆ ధైర్యంతోనే వెళ్ళమంటున్నాను.

ఫోను సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. లంబసింగిలో, పాడేరులో, అరకులో ఆగి మాట్లాడు. బయలుదేరే ముందు ఆదివారం ఇటు రా, దోమతెరలూ మందుల డబ్బా సిద్ధం చేసి ఉంచుతాను. మీ నాన్ననూ వెంటబెట్టుకు రా. మ్యాపు ముందు పెట్టుకుని రాత్రుళ్ళు ఎక్కడెక్కడ ఆగాలో ముగ్గురం కలిసి గుర్తులు పెడదాం. ఆ దారిలో ఏ గెడ్డ ఎక్కడ రోడ్డు దాటుతుందో వాడికి నాకంటే బాగా తెలుసు. భోజనం ఇక్కడే చేద్దురుగాని.

ఇట్లు,
మీ మేనత్త