చిటికెన వేలు మొద్దుబారుతుంటే ఫోర్క్‌లో గాలి ఒక్కటే చూస్తే సరిపోదు

ప్రశ్న: నా వయసు 38. మణికొండలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎయిర్ ఫోర్క్ (ముందు చక్రం కుదుపులను గాలి ఒత్తిడితో ఆపే భాగం) ఉన్న మౌంటెన్ బైక్ కొన్నాను. ఆదివారాలు అనంతగిరి కొండల్లో తొక్కుతున్నాను. రైడ్ అయ్యాక రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారుతున్నాయి. రెండు నెలలుగా ఇదే పరిస్థితి. రైడ్‌కు ముందు డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. నా బరువు 84 కిలోలు, ఫోర్క్ ట్రావెల్, అంటే అది కిందికి దిగగలిగే దూరం, 100 మిల్లీమీటర్లు. గాలి ఎంత పెడితే తగ్గుతుంది?

జవాబు: గాలి సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ మాత్ర ఆపండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఆ రెండు వేళ్లకు వెళ్లే అల్నార్ నరం నొక్కుకుపోతున్నట్టు అనిపిస్తోంది. చూడకుండా ఖాయంగా చెప్పలేను. నరం మీద ఒత్తిడి వల్ల వచ్చిన మొద్దుబారడాన్ని డైక్లోఫెనాక్ తగ్గించదు. పైగా ఎండలో చెమట పట్టి, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఈ మాత్ర కిడ్నీల మీద భారం పెడుతుంది. కడుపులో పుండ్లు, బీపీ పెరగడం కూడా చూస్తుంటాం. నొప్పి రాకముందే మాత్ర వేసుకుని బయల్దేరడం ఈ మధ్య బాగా ఎక్కువైంది. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చేస్తున్నారు కదా అని ఇన్నాళ్లు వాడతారా? రెండు నెలలు ఆగకుండా మొదటి వారాల్లోనే డాక్టరుకు చూపించుకోవాల్సింది.

అల్నార్ నరం అరచేతి మూలలో, చిటికెన వేలి వైపు మణికట్టు దగ్గర నుంచి వెళ్తుంది. హ్యాండిల్ మీద బరువంతా సరిగ్గా అక్కడే పడుతుంది. కానీ మీరు ఆఫీసులో మోచేయి టేబుల్‌కు ఆనించి కూర్చుంటే అదే నరం మోచేతి దగ్గర కూడా నొక్కుకుంటుంది. చిటికెన వేలి వైపు చేతి వెనక భాగం కూడా మొద్దుబారుతోందా? అయితే సమస్య మణికట్టులో కాక పైన ఉండొచ్చు. రెండు చేతులకూ వచ్చిందంటే మెడ, షుగర్, థైరాయిడ్, బీ12 కూడా చూడాలి.

బొటనవేలికీ చూపుడు వేలి పక్కకీ మధ్య కాగితం పట్టుకుని, ఎవరినైనా లాగమనండి. బొటనవేలు కొన వంగిపోతున్నా, కాగితం జారిపోతున్నా, ఆ రెండు వేళ్ల మధ్య కండ పలచబడినా ఆదివారం దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. మొద్దుబారడం చాలావరకు తగ్గిపోతుంది గానీ, కండ కరగడం మొదలైతే తిరిగి రావడం కష్టం. నరంలో సంకేతాలు ఎంత బాగా వెళ్తున్నాయో చూసే నరం కండక్షన్ పరీక్ష అవసరమా కాదా అన్నది చేతిని చూశాకే తేలుతుంది.

అప్పటిదాకా కొండ రైడ్లు ఆపండి. మళ్లీ తొక్కేటప్పుడు మణికట్టు వెనక్కి విరగకుండా నిటారుగా ఉంచాలి, పట్టు మార్చుతూ ఉండాలి. సీటు ముందుకు వాలి ఉంటే ఒంటి బరువు చేతుల మీదికి వస్తుంది, సరిచేయించండి. మెత్తటి గ్లవ్స్ కొంత ఉపయోగం.

ఇక గాలి. మీ ఫోర్క్ కంపెనీ ఇచ్చిన బరువు చార్టు నుంచి మొదలుపెట్టండి. హెల్మెట్, నీళ్ల సంచీతో కలిపి బరువు లెక్కేయాలి. మామూలు పంపు పనికిరాదు, మీటరున్న షాక్ పంపు కావాలి. ఫోర్క్ గొట్టం మీదున్న రబ్బరు రింగును కిందికి తోసి, పెడళ్ల మీద నిలబడి, కుదుపు లేకుండా దిగి, ఫోర్క్ ఎంత దిగిందో రింగును బట్టి చూడండి. 100 మిల్లీమీటర్లకు 15 నుంచి 20 దాకా దిగితే చాలామందికి సరిపోతుంది. తక్కువ దిగితే గట్టిగా ఉందని, కొంచెం గాలి తీయండి. చార్టులోని గరిష్ఠ పరిమితి దాటకండి. రీబౌండ్ (దిగిన ఫోర్క్ తిరిగి పైకి లేచే వేగం) మరీ నెమ్మదిగా ఉన్నా వరుస గుంతల్లో ఫోర్క్ పైకి లేవక గట్టిపడుతుంది. రోడ్డు మీద లాకవుట్ (ఫోర్క్ కదలకుండా బిగించే మీట) వేసి, కొండ దారిలో తీయడం మర్చిపోయారేమో అదీ చూసుకోండి.

దగ్గర్లోని ఆర్థో లేదా న్యూరో డాక్టర్‌ను ఈ వారంలోనే కలవండి. వేసుకున్న మాత్రల షీట్లు పట్టుకెళ్లండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, బీపీ కూడా చూడమని అడగండి.