రిపోర్ట్‌లో ఈఆర్ పాజిటివ్ అని వచ్చింది, అమ్మకి హార్మోన్ల వల్లే క్యాన్సర్ వచ్చిందా? థైరాయిడ్ మాత్ర ఆపేయాలా?

ముందు థైరాయిడ్ మాత్ర సంగతి, ఎందుకంటే మీ ప్రశ్న చదువుతుంటే నాకు టెన్షన్ వచ్చింది అక్కడే. అమ్మగారికి 58 ఏళ్లు, రొమ్ములో గడ్డ, బయాప్సీలో ఈఆర్ 90 శాతం, హెర్2 (దీని సంగతి కింద చెప్తాను) 2+ అని వచ్చింది, హార్మోన్ల వల్ల అంటున్నారు కాబట్టి థైరాయిడ్ మాత్ర ఆపేద్దామా అని అడిగారు. దయచేసి ఆపకండి. ఈఆర్ అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్, అంటే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ వచ్చి పట్టుకునే, కణంలోని ప్రొటీన్. థైరాయిడ్ హార్మోన్ పూర్తిగా వేరు, ఈ పరీక్ష చూసేది దాన్ని కాదు. పైగా ఇప్పుడు థైరాయిడ్ అదుపు తప్పితే మత్తు డాక్టర్‌గారు ఆపరేషన్ వాయిదా వేసే అవకాశం ఉంది.

నేను హైదరాబాద్‌లో ఒక పాథాలజీ ల్యాబ్‌లో ఐహెచ్‌సీ (యాంటీబాడీతో రంగు వేసి చూసే పరీక్ష) టెక్నీషియన్‌ని. ఇలాంటి బయాప్సీ ముక్కలకి రంగు పట్టించేది మా బెంచ్ మీదే. మా పిన్నికీ ఇదే రకం క్యాన్సర్ వచ్చింది కాబట్టి ఇంట్లో ఎలా ఉంటుందో కూడా తెలుసు.

రిపోర్ట్‌లో ఆ 90 శాతం ఎక్కడి నుంచి వస్తుందో చెప్తాను. ముక్కని ఫార్మలిన్‌లో ఉంచి, మైనపు బ్లాక్ చేసి, 3-4 మైక్రాన్ల మందంలో కోసి గాజు స్లైడ్ మీద పరుస్తాం. ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ వేసి, చివర్లో డ్యాబ్ అనే రసాయనం వేస్తే రిసెప్టర్ ఉన్నచోట గోధుమ రంగు వస్తుంది, లేనిచోట నీలం. మైక్రోస్కోప్‌లో చూస్తే కణం మధ్యలో ఉన్న న్యూక్లియస్ గుండ్రంగా గోధుమ రంగులో కనిపిస్తుంది. వందలో తొంభై క్యాన్సర్ కణాలకి అలా రంగు పడితే 90 శాతం. అంటే చూసింది గడ్డలోని కణాన్ని, రక్తాన్ని కాదు. అమ్మగారి ఒంట్లో హార్మోన్లు ఎక్కువయ్యాయని ఈ రిపోర్ట్ ఎక్కడా చెప్పడం లేదు, ఆ గడ్డ పెరగడానికి ఈస్ట్రోజెన్‌ని వాడుకోగలదని మాత్రమే చెప్తోంది. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 70 శాతం ఇలాంటివే.

నెలసరి ఆగిపోయింది కదా, ఇంకా ఈస్ట్రోజెన్ ఎక్కడిది అని మా పిన్ని కూడా అడిగింది. అండాశయాలు ఆగిపోయాక కూడా కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్, అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే హార్మోన్లని ఈస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది. మెనోపాజ్ తర్వాత బరువు ఎక్కువున్నవాళ్లకి ఈ రకం క్యాన్సర్ రిస్క్ పెరగడానికి అదొక కారణం. ఒక్క కారణమే కాదు, అలాగని అమ్మగారిని తిండి గురించి సాధించకండి, అసలే భయపడి ఉంటారు.

మరి హార్మోన్ క్యాన్సర్‌కి ఎలా దారి తీస్తుంది? ఈస్ట్రోజెన్ కణంలోకి వెళ్లి రిసెప్టర్‌ని పట్టుకుంటుంది, ఆ జంట నేరుగా డీఎన్ఏ మీద కూర్చుని ‘రెండుగా విడిపో’ అని చెప్పే జన్యువుల్ని నడిపిస్తుంది. ఇది తప్పు పని కాదు, నెలనెలా రొమ్ములో మామూలుగా జరిగేదే. కానీ విడిపోయిన ప్రతిసారీ 600 కోట్ల పైచిలుకు డీఎన్ఏ అక్షరాలు మళ్లీ రాసుకోవాలి, అందులో ఎక్కడో ఒక తప్పు దొర్లుతుంది, అది సర్దుబాటు కాకుండా మిగిలిపోతుంది, ఏళ్ల తరబడి అలాంటివి పోగుపడి ఒక కణం మాట వినకుండా పోతుంది. చిన్న వయసులో పెద్దమనిషి అయినవాళ్లకి, ఆలస్యంగా నెలసరి ఆగినవాళ్లకి రిస్క్ కొంచెం ఎక్కువ ఉండడం ఇందుకే. ఆ తర్వాత గడ్డ పెరగడానికి కూడా అదే హార్మోన్ తోడవుతుంది.

ఇక హెర్2. ఇది న్యూక్లియస్‌లో కాదు, కణం పొర మీద ఉంటుంది. గ్రోత్ ఫ్యాక్టర్ల (కణాన్ని పెరగమని చెప్పే పదార్థాల) మాట వినే కుటుంబంలోది. కాలింగ్ బెల్ అనుకోండి, గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చి నొక్కినంతసేపే మోగాలి. మామూలు కణంలో హెర్2 జన్యువు కాపీలు రెండే ఉంటాయి, కొన్ని గడ్డల్లో పదులకొద్దీ అయిపోతాయి, అప్పుడు పొర మీద రిసెప్టర్లు ఎంత కిక్కిరిసిపోతాయంటే ఎవరూ నొక్కకుండానే ఒకదానితో ఒకటి జతకట్టి మోగుతూనే ఉంటాయి. స్లైడ్ మీద 3+ అంటే క్యాన్సర్ కణాల చుట్టూ ముదురు గోధుమ గీత, చూడగానే తెలిసిపోతుంది. 2+ అంటే గీత ఉంది కానీ పలచగా, అటో ఇటో చెప్పలేం. అందుకే ఫిష్ పరీక్షకి పంపమన్నారు, అందులో జన్యువు కాపీలనే లెక్కపెడతారు. డబ్బులు లాగడానికి రాశారేమో అని మీ అన్నయ్య అన్నారట, కాదు, 2+ వస్తే అది చేయించి తీరాలి. పాజిటివ్ వస్తే హెర్2ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ గురించి మాట్లాడతారు, అది ఇస్తున్నన్నాళ్లూ గుండెకి ఎకో చేయిస్తుంటారు. ఖరీదైన మందే, అయితే 2014 నుంచి మన దేశంలో తయారైనవీ దొరుకుతున్నాయి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే చికిత్స మొదలుకాకముందే కౌంటర్‌లో అడగండి.

ఇదేదో నిన్నమొన్న కనిపెట్టిన సిద్ధాంతం అనుకోకండి. 1896లో గ్లాస్గోలో బీట్సన్ అనే సర్జన్, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న ఆవిడకి అండాశయాలు తీసేస్తే గడ్డలు తగ్గాయని రాశారు, అప్పటికి హార్మోన్ అనే పేరే పుట్టలేదు. మగవాళ్ల ప్రోస్టేట్ క్యాన్సర్‌కి టెస్టోస్టెరాన్ తోడవుతుందని చూపించినందుకు హగ్గిన్స్‌కి 1966లో నోబెల్ వచ్చింది. గ్రోత్ ఫ్యాక్టర్ల కథ నాకు ఇంకా ఇష్టం. స్టాన్లీ కోహెన్ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి ఒక గ్రంథి రసం ఎక్కిస్తే కళ్లు గడువుకి ముందే తెరుచుకున్నాయి, అందులోంచే ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ బయటపడింది, 1986లో నోబెల్. దాని రిసెప్టర్ పాడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. సిగరెట్ ముట్టని ఆడవాళ్లలో కూడా అది కనిపించడం మన ఆసియా దేశాల్లో ఎక్కువ.

అమ్మగారికి ఈఆర్ 90 శాతం ఉండడం ఒక రకంగా మంచిదే, హార్మోన్‌ని అడ్డుకునే మాత్రలు పనిచేసే చోటు ఉందన్నమాట. ఈ వయసులో సాధారణంగా లెట్రోజోల్ లాంటిది ఇస్తారు, అది అరోమటేజ్‌ని ఆపుతుంది. టామాక్సిఫెన్ అయితే రిసెప్టర్‌కే అడ్డుపడుతుంది. కనీసం ఐదేళ్లు వాడాలి, నాకు బెంగ ఇక్కడే. మా పిన్ని మలక్‌పేటలో ఉంటుంది, లెట్రోజోల్ మొదలుపెట్టిన కొన్నాళ్లకి పొద్దున్నే వేళ్లు ముడుచుకునేవి కావు, చపాతీ కర్ర పట్టుకోలేకపోయేది. గడ్డ తీసేశారు కదా, ఇంక ఇదెందుకని ఎవరికీ చెప్పకుండా మానేసింది. షీట్‌లో మాత్రలు అలాగే ఉండడం బాబాయి చూసి రివ్యూకి తీసుకెళ్తే, డాక్టర్‌గారు అదే రకంలో వేరే మాత్రకి మార్చి, ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్, కాల్షియం రాశారు, రోజూ నడవమన్నారు. నొప్పి పూర్తిగా పోలేదు, భరించేలా అయింది, మాత్ర వేసుకుంటోంది. అమ్మగారు నొప్పి అంటే కొట్టిపారేయకండి, మాత్ర ఆపకుండా డాక్టర్‌గారికి చెప్పండి.

సోయా తింటే ఈస్ట్రోజెన్ పెరుగుతుందని వాట్సాప్‌లో తిరిగేది నమ్మొద్దు, కూరలో వేసుకునేంత మీల్ మేకర్‌తో ఏమీ కాదు. ఆయుర్వేదం పేరుతో ఎవరైనా హార్మోన్ పొడులు ఇస్తే మాత్రం డాక్టర్‌గారికి చూపించకుండా వాడొద్దు.

రెండో అభిప్రాయానికి హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు రిపోర్ట్ కాగితం ఒక్కటే కాదు, బ్లాక్, స్లైడ్లు కూడా ల్యాబ్‌లో సంతకం పెట్టి తీసుకెళ్లండి, లేకపోతే మళ్లీ పంపుతారు. బ్లాక్ మైనపుది, ఎండాకాలంలో కారు డ్యాష్‌బోర్డ్ మీద వదిలేస్తే మెత్తబడుతుంది, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి.