ఇంకో కోర్సు వద్దు, రిఫరెన్స్ తెరవండి

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వీడియోలు చూసి జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ఒక ప్రాజెక్టు చేశాను. అధికారిక డాక్యుమెంటేషన్ తెరిస్తే మాత్రం టెన్షన్ వస్తోంది. ఇంకో కోర్సులో చేరమంటారా?
- ఒక విద్యార్థిని, ఏలూరు

జవాబు: ఇప్పుడు ఇంకో కోర్సు అక్కర్లేదమ్మా. జాంగో డాక్యుమెంటేషన్‌లో ట్యుటోరియల్ వేరు, ఏపీఐ రిఫరెన్స్ (ఒక్కో మెథడ్ ఎలా పనిచేస్తుందో చెప్పే భాగం) వేరు. మొదటిది వరుసగా చదవాల్సింది. రెండోదాన్ని ఏదో ఒక ప్రశ్నతో తెరవాలి. ఊరికే చదువుకుంటూ పోతే ఎవరికైనా తల తిరుగుతుంది.

డేటాబేస్ నుంచి రికార్డులు తెచ్చుకోవడానికి మీ ప్రాజెక్టులో గెట్, ఫిల్టర్ వాడే ఉంటారు. క్వెరీసెట్ (అలా తెచ్చుకునే రికార్డుల సమూహం) ఏపీఐ పేజీలో ముందు ఆ రెండూ వెతకండి. ఏం తీసుకుంటుంది, ఏం తిరిగిస్తుంది, ఎప్పుడు ఎర్రర్ ఇస్తుంది అన్నవి చూడండి. రికార్డు దొరక్కపోతే గెట్ ఎర్రర్ ఇస్తుంది, ఒకటికి మించి దొరికినా ఇస్తుంది. ఫిల్టర్ అయితే ఏమీ దొరకనప్పుడు ఖాళీ క్వెరీసెట్ ఇచ్చి ఊరుకుంటుంది. వీడియోలో అన్నీ సరిగ్గా పనిచేస్తుంటాయి కాబట్టి ఈ తేడా మీ కంటపడదు.

చాలామంది ఉదాహరణ కోడ్ కాపీ చేసుకుని పేజీ మూసేస్తారు. అసలు సంగతి ఆ చుట్టుపక్కల వాక్యాల్లో ఉంటుంది. వందల రికార్డులు ఒకేసారి చేర్చడానికి బల్క్ క్రియేట్ వాడతాం కదా. అది మోడల్‌లోని (డేటాబేస్ టేబుల్‌కు మీరు రాసే క్లాస్) సేవ్ మెథడ్‌ను పిలవదని, సేవ్‌కు ముందూ తర్వాతా జాంగో పంపే ప్రీ-సేవ్, పోస్ట్-సేవ్ సిగ్నల్స్ కూడా వెళ్లవని రిఫరెన్స్ స్పష్టంగా చెబుతుంది. మీరు సేవ్‌లో మార్కుల మొత్తం కట్టే కోడ్ రాసి ఉంటే అది నడవదు. ఎర్రర్ కూడా రాకపోవచ్చు, తప్పు డేటా మాత్రం చేరిపోతుంది. ఉద్యోగంలో ఇలాంటివి పట్టుకోగలిగినవాళ్ల మీదే టీమ్‌కు నమ్మకం కుదురుతుంది.

పేజీలో వెర్షన్ కూడా సరిచూసుకోండి. ఒక టేబుల్‌ను ఇంకోదానికి ముడిపెట్టే ఫారిన్ కీకి ఆన్-డిలీట్ (ముడిపడిన రికార్డును తీసేస్తే ఏం చేయాలన్నది) ఇవ్వడం జాంగో 2.0 నుంచి తప్పనిసరి. అంతకుముందు వీడియోలో ఉన్న కోడ్ మీ దగ్గర ఆగిపోతే తప్పు మీది కాదు. కంపెనీలో మీ చేతికొచ్చే ప్రాజెక్టు పాత వెర్షన్‌దీ కావచ్చు, అప్పుడు ఆ వెర్షన్ పేజీయే చదవాలి.

ఇంటర్వ్యూల కోసమైతే, ముడిపడిన రికార్డులను కూడా కలిపి తెచ్చే సెలెక్ట్ రిలేటెడ్, ప్రీఫెచ్ రిలేటెడ్ తప్పకుండా చదవండి. మొదటిది జాయిన్‌తో (టేబుళ్లను డేటాబేస్‌లోనే కలిపి) ఒకే క్వెరీలో, అంటే డేటాబేస్‌ను ఒక్కసారే అడిగి తెస్తుంది, రెండోది విడి క్వెరీలతో తెచ్చి పైథాన్‌లో కలుపుతుంది. రెండూ మీ ప్రాజెక్టులోనే పెట్టి, ఎన్ని క్వెరీలు తగ్గాయో జాంగో డీబగ్ టూల్‌బార్‌లో చూడండి. ఆ అంకెలు రెజ్యూమెలో రాయండి.