అడగకముందే చెప్పేశాను, అక్క దూరమైంది

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది మెదక్ దగ్గర పల్లెటూరు. కేపీహెచ్‌బీలో హాస్టల్లో ఉంటూ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పుట్టుకతో క్రైస్తవురాలినే అయినా ఈమధ్యే విశ్వాసం నిజంగా నా సొంతమైంది. మా సంఘంలో ప్రతి ఆదివారం “ఈ వారం ఎంతమందికి సువార్త చెప్పారు?” అని అడుగుతారు. అందుకని టీమ్ వాట్సాప్ గ్రూపులో రోజూ వాక్యం పెట్టేదాన్ని. మేనేజర్ వద్దన్నారు. ఆఫీసులో నేను అక్కా అని పిలిచే ఒకావిడ వాళ్ల నాన్నగారు పోయారు. పలకరించడానికి వెళ్లి “నాన్నగారికి రక్షణ దొరికిందో లేదో, మీరైనా ప్రభువును నమ్ముకోండి” అన్నాను. అప్పటినుంచి ఆవిడ నా ముఖం చూడటం లేదు. పోనీ నోరు మూసుకుందామంటే ప్రభువును ఎరగనన్నట్టే అవుతుందేమోనని భయం. దసరాకి ప్రసాదం వద్దంటే పొగరంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. మిగతావన్నీ దాని నుంచే పుట్టాయి.

శిష్యుడైన పేతురు ప్రభువును ఎరగనన్నది ఎప్పుడు? ప్రధాన యాజకుని ముంగిట్లో, మంట దగ్గర, “నువ్వూ ఆయనతో ఉన్నవాడివే కదా” అని నిలదీసినప్పుడు. అడిగితే అబద్ధమాడాడు. ఆ రాత్రి వెక్కివెక్కి ఏడ్చిన పేతురు పేరుతోనే బైబిల్లో ఉన్న మొదటి పత్రిక, మూడో అధ్యాయం తీసి చదవండి. మీ నిరీక్షణకు, అంటే మీలో ఉన్న ఆశకు, కారణమేమిటని అడిగేవాళ్లకు జవాబివ్వడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండమంటాడు, అదీ సాత్వికంతో, భయంతో. మిమ్మల్ని ఎవరైనా అడిగితే మీరు దాచలేదు. అడగనప్పుడు ఊరుకోవడం ఎరగననడం కాదు. ఈ భయాన్ని ఇక్కడితో వదిలేయండి.

ఇక అక్క సంగతి. మీరన్న మాట ఆవిడకి ఎలా వినబడిందో ఆలోచించండి. తండ్రి పోయి ఇంకా కన్నీళ్లు ఆరని మనిషికి, ఆయన గతి ఏమైందోనని మీరు అనుమానం చెప్పారు. మీ ఉద్దేశం ప్రేమే, నేను నమ్ముతాను. కానీ ఆవిడకి మిగిలింది మాత్రం ఆ మాటే. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు కష్టం విని వచ్చిన ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట కూడా మాట్లాడకుండా అతనితో నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి అంతా ఆ ఏడు రోజుల్లోనే ఉంది. నోరు విప్పి వివరణలు మొదలుపెట్టాకే యోబుకి భారమయ్యారు, చివరికి దేవుడి కోపానికీ గురయ్యారు. చనిపోయిన లాజరును బతికించి లేపబోతున్నానని తెలిసిన యేసు కూడా ముందు ఏడ్చాడు. చావు ఇంట్లో క్రైస్తవుడు చేయాల్సిన మొదటి పని అదే.

ఆవిడ ఇంటికి వెళ్లండి. ఫోన్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. “అక్కా, ఆ రోజు నేనన్న మాట తప్పు. నాన్నగారి గురించి అలా అనే హక్కు నాకు లేదు. మీ మనసు కష్టపెట్టాను, క్షమించండి” అని ఆపేయండి. “నా ఉద్దేశం అది కాదు” అని మొదలుపెట్టారంటే మళ్లీ వాదించినట్టే. మీ కోసం ప్రార్థన చేస్తున్నానని కూడా ఆవిడ ముందు అనకండి. మీ గదిలో తలుపు వేసుకుని చేసుకోండి, ప్రభువు చెప్పిందీ అదే. ఆవిడ తలుపు తీయకపోవచ్చు, తీసినా ముభావంగా ఉండొచ్చు. ఆ తర్వాత కూడా ఆవిడ సెలవు పెట్టిన రోజు పని మీరు అందుకోండి, వాళ్లమ్మగారిని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే తోడు వెళ్లండి. కానీ దీన్ని సువార్తకు దారిగా లెక్కేసుకోవద్దు.

మీది మెదక్ కాబట్టి ఈ మాట అంటున్నాను. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన మీ ఊరి చర్చి కరవు రోజుల్లో ఎందరికో పనీ తిండీ ఇచ్చిందని చిన్నప్పటినుంచి వినే ఉంటారు. ఆ రోజుల్లో అన్నం కోసం మతంలో చేరారన్న నింద మనవాళ్ల మీద ఇంకా ఉంది. అది ఎంత అన్యాయమనిపించినా, చేసే మేలుకి షరతు తగిలిస్తే ఏమవుతుందో దాన్ని చూసి నేర్చుకోవాలి.

మేనేజర్ వద్దన్నదాన్ని హింస అనుకోకండి. మన రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని అనుసరించడానికే కాదు, ప్రచారం చేసుకోవడానికీ హక్కు ఇచ్చింది. ఆ హక్కుకి అర్థం తన మత సూత్రాలను వివరించడమే తప్ప ఎదుటివారిని మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక టీమ్ గ్రూపు పని కోసం పెట్టుకున్నది. అక్కడ తప్పించుకునే వీలు లేనివాళ్ల ముందు రోజూ వాక్యం పెట్టడం, వినక తప్పనివాళ్లకి బలవంతంగా వినిపించడమే. మీ సొంత స్టేటస్‌లో పెట్టుకోండి, చూడాలనుకున్నవాళ్లు చూస్తారు. ఆఫీసులో మీ విశ్వాసం కనబడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. డెడ్‌లైన్ తప్పినప్పుడు నింద జూనియర్ మీదికి నెట్టకపోవడం, క్యాంటీన్లో లేనివాళ్ల గురించి మాటలు మొదలైతే అందులో కలవకపోవడం, చేయని గంటలు టైమ్‌షీట్‌లో రాయకపోవడం. ఇవి చూసి ఎవరో ఒకరు “నువ్వెందుకిలా ఉంటావు?” అని అడుగుతారు. అప్పుడు దాచకుండా, ధైర్యంగా ప్రభువు పేరు చెప్పండి.

ప్రసాదం విషయంలో మీ మనస్సాక్షి వద్దంటే తీసుకోకండి. విగ్రహాలకు అర్పించినదని ఎవరైనా చెబితే తినవద్దని అపొస్తలుడైన పౌలు కొరింథు క్రైస్తవులకు రాశాడు. అయితే వద్దనే తీరు ఒకటుంటుంది. పళ్లెం దగ్గరికి రాకముందే చేతులు జోడించి, నవ్వుతూ “ఏమీ అనుకోకండి, నేను తీసుకోను” అనండి. కారణాలు, ఉపన్యాసం వద్దు. మొహమాటానికి తీసుకుని, తర్వాత చెత్తబుట్టలో మాత్రం వేయకండి. ఇచ్చినవాళ్లు అది చూస్తే ఆ గాయం మానదు. పూజ ముందురోజు అందరూ డెస్కులు శుభ్రం చేస్తుంటే మీరూ చేయి వేయండి. పొగరన్న మాట దానితోనే సగం తగ్గుతుంది.

చివరగా మీ సంఘం. ఆదివారం ఆరాధన అయ్యాక కాపరిగారిని ఒంటరిగా కలిసి, అక్క దగ్గర జరిగింది ఉన్నదున్నట్టు చెప్పండి. “అయ్యగారూ, లెక్క చెప్పాలన్న తొందరలో ఒక మనిషిని గాయపరిచాను” అనండి. నేను నాటాను, అపొల్లో నీళ్లు పోశాడు, వృద్ధి చేసినవాడు దేవుడు అని తనతోపాటు బోధించిన అపొల్లో గురించి పౌలు అన్న మాట ఆయనకీ తెలుసు. లెక్క అడిగే పద్ధతి మీలాంటి పిల్లల్ని ఎలా నలిపేస్తోందో మాత్రం తెలియకపోవచ్చు. ఎవరో ఒకరు చెప్పాలి. అయినా ఆయన వినకపోతే, వచ్చే ఆదివారం లెక్క అడిగినప్పుడు “ఈ వారం ఎవరికీ చెప్పలేదండీ, ఒకరిని క్షమించమని అడిగాను” అని నిజమే చెప్పండి.