గైడ్ ప్రొఫైల్‌లో "పేటెంట్ పబ్లిష్డ్" అని ఉంటే పేటెంట్ వచ్చినట్టేనా?

ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలోనో, విజయనగరం జేఎన్‌టీయూలోనో కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీకి గైడ్‌ని వెతుక్కుంటూ మీరు ఈ మాట అడిగారు. హెచ్-ఇండెక్స్ సంగతీ అడిగారు.

పబ్లిష్డ్ అని ఉన్నంత మాత్రాన పేటెంట్ రానట్టే. మన దేశంలో ఏ దరఖాస్తునైనా మామూలుగా 18 నెలలకు పేటెంట్ ఆఫీసు తన జర్నల్‌లో వేస్తుంది. ఫారం 9 పెట్టి ఫీజు కడితే నెలలోపే వేసేస్తుంది. అందులో కొత్తదనం ఉందో లేదో తేల్చే పరీక్ష వేరు, దానికి ఫారం 18 పెట్టాలి. అది నెగ్గితేనే "గ్రాంటెడ్". మీరు చూడాల్సింది ఆ ఒక్క మాట. ఒకే దరఖాస్తు మీద పెళ్లికార్డులో బంధువుల్లా ఎనిమిది పేర్లుంటే ఇంకాస్త అనుమానించండి, తప్పులేదు.

హెచ్-ఇండెక్స్ 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ చెప్పిన లెక్క: ఎన్ని పేపర్లకు కనీసం అన్నేసి సైటేషన్లు (ఇతరులు తమ రచనల్లో ఆ పేపర్‌ని ప్రస్తావించడం) ఉన్నాయో ఆ అంకె. ఐదు పేపర్లకు 30, 9, 4, 3, 1 సైటేషన్లు ఉన్నాయనుకోండి. మూడు పేపర్లకు కనీసం మూడేసి ఉన్నాయి, నాలుగింటికి నాలుగేసి లేవు. కాబట్టి 3. ఆ 30 కాస్తా 300 అయినా మూడే! ఈ అంకెను చూపించే సైట్లలో గూగుల్ స్కాలర్ అంకె స్కోపస్ అంకె కన్నా సాధారణంగా పెద్దది, థీసిస్‌లు కూడా లెక్కేస్తుంది మరి. ఇద్దరు గైడ్‌లని పోల్చాలంటే ఇద్దరి అంకెలూ ఒకే సైట్‌లో చూడండి.

మన కంప్యూటర్ సైన్స్‌లో మంచి కాన్ఫరెన్స్ పేపర్‌కి జర్నల్‌తో సమానమైన విలువుంది. కంప్యూటర్ సైన్స్ పేపర్ల జాబితా ఉండే డీబీఎల్‌పీ సైట్‌లో గైడ్ పేరు కొడితే ఆయన పేపర్లు ఎక్కడెక్కడ అచ్చయ్యాయో ఉచితంగా కనిపిస్తుంది.

ఇవన్నీ చూశాక, ఆయన దగ్గర ఇప్పుడు చేస్తున్న స్కాలర్‌ని టీ కొట్టు దగ్గర పట్టుకుని "డ్రాఫ్ట్ ఇస్తే సారు ఎన్నాళ్లకి చూసిస్తారు?" అని అడగండి.