సమాధానం: రొయ్యల ప్లాంట్ స్లడ్జ్ (మురుగునీరు శుద్ధి చేశాక మిగిలే బురద), వరిగడ్డి కలిపి వేసిన కంపోస్ట్ కుప్ప వేడెక్కడం లేదు

తడి ఎక్కువైంది, లోపల గాలి ఆడటం లేదు. కుప్ప చల్లగానే ఉంది, కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది అన్నారంటే కారణం ఇదేనండి. నీళ్లు పిండే ప్రెస్ నుంచి దింపిన స్లడ్జ్‌లో కూడా 80 శాతం దాకా నీళ్లే ఉండొచ్చు. మన విశాఖ ఉక్కపోతలో అది దానంతటది ఆరదు.

1. కుప్ప మొత్తం విప్పండి. గడ్డిని మోపులుగా వేయకుండా, రెండు మూడు అంగుళాల ముక్కలు కొట్టించి కలపండి.

2. అందరూ వదిలేసేది ఇదే: కలిపాక పిడికిలితో చూడటం. పైపైన కాదు, మోచేతి లోతు నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడితే తేమ సరిపోయినట్టే (50–60 శాతం). ధార కారితే ఇంకా గడ్డి వేయండి. ఉండ కట్టకుండా రాలిపోతే నీళ్లు చల్లండి. స్లడ్జ్ తడి లోడుకో రకంగా ఉంటుంది కాబట్టి ప్రతి లోడుకీ చూడాల్సిందే. ఇన్ని బుట్టల స్లడ్జ్‌కి ఇన్ని బుట్టల గడ్డి అనే లెక్క నమ్మొద్దు.

3. ఛాతీ ఎత్తున పేర్చి, వానకు టార్పాలిన్ కప్పండి. కుప్ప లోపలి వేడి 55 డిగ్రీలు దాటి కనీసం 3 రోజులు నిలవాలి. తర్వాత తిరగేయండి. ముక్కు మండే అమ్మోనియా వాసన వస్తే నత్రజని ఎక్కువైనట్టు, మళ్లీ గడ్డే మందు.

4. పొలానికి వేసేముందు ల్యాబ్‌లో ఉప్పు, లోహాలు చూపించండి. కంపోస్ట్ చేస్తే లోహాలు పోవు, కుప్ప తగ్గేకొద్దీ చిక్కబడతాయి. సిటీ కంపోస్ట్‌కి (ఊరి చెత్తతో చేసేది) ఉన్న పరిమితి కిలోకి సీసం 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు. ఫార్మా (మందుల కంపెనీల) స్లడ్జ్ మాత్రం ఎవరు ఊరికే ఇస్తామన్నా దయచేసి కలపొద్దు.