ఆరూ తొమ్మిదీ కూడా పదిహేనే

"క్రిబేజ్ ఆడటం వచ్చేసింది, కానీ చివర్లో చేతిలో పాయింట్లు లెక్కపెట్టడం మాత్రం రావట్లేదు. ప్రతిసారీ ఎదుటివాళ్ళే నా ముక్కలు చూసి లెక్క చెబుతున్నారు, సిగ్గుగా ఉంది. తొందరగా నేర్చుకునే దారి ఉందా?" అని అడిగారు. (తెలియనివాళ్ళకి: క్రిబేజ్ అంటే ముక్కలతో ఆడి, గళ్ళ బోర్డు మీద పుల్లలు జరుపుతూ పాయింట్లు లెక్కపెట్టుకునే పేకాట.) రూల్స్ మళ్ళీ చదవమని ఎవరైనా చెబితే వినకండి. మీకు రూల్స్ రాక కాదు. మీకు రమ్మీ వచ్చు, అదీ అసలు జబ్బు.

పెళ్ళిళ్ళలో విడిదింట్లో దుప్పటి పరిచి పదమూడు ముక్కలాట ఆడుతుంటే బాబాయిల వెనకాల కూర్చుని చూసే ఉంటారు. మన లెక్కలో ఒక ముక్క సెట్‌లోకో సీక్వెన్స్‌లోకో వెళ్ళిపోతే ఇక దాని పని అయిపోయినట్టే, ఇంకోచోట వాడటానికి లేదు. క్రిబేజ్‌లో అలా కాదు. ఒకే ముక్క ఎన్ని జట్లలో కుదిరితే అన్నిట్లోనూ పనిచేస్తుంది. ఒక రాజు, రెండు ఐదులు ఉన్నాయనుకోండి. రాజుకి పది, మొదటి ఐదుతో కలిస్తే పదిహేను, దానికి రెండు పాయింట్లు. అదే రాజు రెండో ఐదుతో కలిస్తే ఇంకో పదిహేను, ఇంకో రెండు. ఐదులు రెండూ జత కాబట్టి మరో రెండు. మొత్తం ఆరు. "ఫిఫ్టీన్ టూ, ఫిఫ్టీన్ ఫోర్, అండ్ ఎ పెయిర్ ఈజ్ సిక్స్" అని అమెరికా పెద్దవాళ్ళు పాటలా అనేది ఇదే. మొదటిసారి విన్నప్పుడు "రాజుని ఒకసారి వాడేశారు కదా, మళ్ళీ ఎలా వాడతారు?" అని నేను నిజంగా గొడవపెట్టుకున్నాను. ఆసుతో ఇంకో తిప్పలు. రమ్మీలో ఆసుకి పది, ఇక్కడ ఒకటే. రాణి, రాజు, ఆసు మనకి బంగారంలాంటి సీక్వెన్స్, ఇక్కడ గుండు సున్నా.

నేను నేర్చుకున్నది మిన్నెసోటాలో, డులూత్ అనే ఊళ్ళో. లేక్ సుపీరియర్ ఒడ్డున ఉంటుంది. ఉద్యోగానికని వెళ్ళిన మొదటి చలికాలం, ఒక ముసలి దంపతుల ఇంట్లో బేస్‌మెంట్ గది అద్దెకి తీసుకున్నాను. తెనాలి నుంచి వచ్చినవాడికి మైనస్ ఇరవై ఐదు అంటే ఏమిటో చెప్పినా అర్థం కాదు, అక్కడ నిలబడాల్సిందే. శని, ఆదివారాలు బయటికి వెళ్ళే ప్రసక్తే లేదు. పైన వంటింట్లో పెద్దాయన ఒక్కడే ముక్కలు కలుపుకుంటూ కూర్చునేవాడు. ఒకరోజు కాఫీకని పైకి వెళితే "కూర్చో" అన్నాడు. వాళ్ళావిడ నాకోసం మాంసం లేకుండా హాట్‌డిష్ చేసిపెట్టేది, పైన బంగాళాదుంప ముక్కలు, కింద తెల్లగా ఏదో. ఆవకాయ నంచుకుని తినేవాడిని. అది వేరే కథ.

ఆయన కుర్రతనంలో నేవీలో పనిచేశాడు. అమెరికా నేవీలో, ముఖ్యంగా జలాంతర్గాముల్లో, క్రిబేజ్ అంటే ప్రాణం. 1943లో వాహూ అనే జలాంతర్గామిలో కెప్టెన్ డడ్లీ మార్టన్ ముక్కలు పంచితే ఆయన కింద అధికారి డిక్ ఓకేన్‌కి 29 పడింది. క్రిబేజ్‌లో ఒక చేతికి రాగలిగిన గరిష్ఠం అదే. చేతిలో మూడు ఐదులు, జాకీ ఉండి, కోసిన ముక్క (పేక కోసి పైకి తిప్పి పెట్టేది, అందరి లెక్కలోనూ కలుస్తుంది) నాలుగో ఐదు కావాలి, ఆ ఐదూ జాకీ ఒకే గుర్తువి కావాలి. ఇద్దరాటలో 2,16,580 చేతులకి ఒకసారి వచ్చే అవకాశం. ఓకేన్ వాడిన బోర్డు ఇప్పటికీ పసిఫిక్ దళంలో అన్నిటికంటే పాత జలాంతర్గామిలో ఉంటుందని, అది రిటైరైతే తర్వాత పాతదానికి అప్పగిస్తారని పెద్దాయన ప్రతి వారం చెప్పేవాడు. ప్రతి వారం నేను కొత్తగా విన్నట్టు వినేవాడిని.

మొదటి నెలలో జరిగిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. నా చేతిలో రెండు, నాలుగు, ఆరు, రాజు. కోసిన ముక్క ఎనిమిది. అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను, ఏమీ తగలట్లేదు. అన్నీ సరి సంఖ్యలైతే పదిహేను ఎక్కణ్ణుంచి వస్తుంది? (ఇది గుర్తుపెట్టుకోండి, బోలెడు టైము మిగులుతుంది.) పెద్దాయన నా ముక్కలు ఒకసారి చూసి సీరియస్‌గా "నైన్‌టీన్" అన్నాడు. నేను సంబరంగా పుల్ల తీసి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పంతొమ్మిది గళ్ళు ముందుకి వేసేశాను. ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు, వాళ్ళావిడ నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. సంగతేమిటంటే క్రిబేజ్‌లో ఏ చేతికీ 19 రాదు. 25, 26, 27 కూడా రావు. అందుకని సున్నా వస్తే "పంతొమ్మిది" అనడం అక్కడి వేళాకోళం. పుల్ల మళ్ళీ పంతొమ్మిది గళ్ళు వెనక్కి తెచ్చుకున్నాను.

ఇక అసలు సంగతి. ఫిబ్రవరికి నాకు లెక్క వచ్చేసిందనిపించింది. పొగరు కూడా వచ్చింది. ఒక ఆదివారం "ఇవాళ మగ్గిన్స్ పెట్టి ఆడదాం" అని నేనే అన్నాను. అంటే మనం లెక్కలో వదిలేసిన పాయింట్లు ఎదుటివాడు పట్టుకుంటే అవి వాడివే. ఆయన "ఖచ్చితంగానా?" అన్నాడు. "ఖచ్చితంగా" అన్నాను.

ఆట చివరికొచ్చింది. ముక్కలు ఒక్కొక్కటే వేసుకోవడం అయిపోయేసరికి ఆయన 119, నేను 105. గెలుపు 121. ఆ చేతికి పంచింది ఆయన, కాబట్టి ముందు లెక్కపెట్టాల్సింది నేను. ఆయనకి తన చేయి, పక్కన క్రిబ్ (ఇద్దరం పక్కన పడేసిన ముక్కలు, పంచినవాడికి రెండో చేయిలాంటిది), రెండూ ఉన్నాయి. వాటిలో రెండు పాయింట్లు రావడం పెద్ద పని కాదు. అంటే నేను గెలిస్తే ఇప్పుడే గెలవాలి, పదహారు కావాలి. నా చేతిలో ఆరు, ఏడు, రెండు ఎనిమిదులు. కోసిన ముక్క ఆఠీన్ తొమ్మిది. ఆ తొమ్మిది పడగానే నా గుండె దడదడలాడింది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, నాలుగు ముక్కల వరస, అదీ రెండు ఎనిమిదులతో రెండుసార్లు!

టెన్షన్‌లో గబగబా మొదలుపెట్టాను. ఏడూ ఎనిమిదీ ఫిఫ్టీన్ టూ, ఏడూ ఇంకో ఎనిమిదీ ఫిఫ్టీన్ ఫోర్. డబుల్ రన్, అంటే ఆ వరస రెండుసార్లు, ఎనిమిదుల జతతో కలిపి పది. మొత్తం పద్నాలుగు. మళ్ళీ చూశాను. పద్నాలుగే. అయ్యో, రెండు తక్కువ. పుల్ల తీసి 119లో పెట్టాను, ఆయన పుల్లకి సరిగ్గా పక్కన. పెద్దాయన కాఫీ కప్పు కింద పెట్టాడు. "అంతేనా?" అన్నాడు. "అంతే" అన్నాను. "అంతేనంటావా?" అన్నాడు మళ్ళీ. ఏదో ఏడిపిస్తున్నాడనుకుని "అంతేనండీ బాబూ" అని తెలుగులోనే అనేశాను.

ఆయన ఒక వేలు ఆరు మీద పెట్టాడు, ఇంకో వేలు తొమ్మిది మీద. ఏమీ మాట్లాడలేదు. గోళ్ళ కింద ఎప్పటిదో గ్రీజు మరక ఉండేది ఆయనకి, అది కూడా నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. నేను ఆ రెండు వేళ్ళ వంకా చూస్తూ లోపల కూడుకున్నాను. ఆరు, తొమ్మిది. పదిహేను. "మగ్గిన్స్" అన్నాడు మెల్లిగా. నావి కావాల్సిన రెండు పాయింట్లతో తన పుల్ల తీసి 121లో గుచ్చాడు. పదహారే వచ్చింది నాకు. ఆట నాదే. నేను పలకలేదంతే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, ఎమ్‌సెట్‌లో మాథ్స్ మార్కులు గొప్పగా చెప్పుకున్నవాణ్ణి, ఆరూ తొమ్మిదీ కూడలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. నేను కూడటం లేదు, వెతుకుతున్నాను. అందమైన వరస కనబడగానే కళ్ళు దానికే అతుక్కుపోయాయి. ఆరుని, తొమ్మిదిని వరసకి అటూ ఇటూ చివర్లుగా చూశానే తప్ప అవి రెండూ ఒకదానికొకటి ఏమవుతాయో చూడలేదు. మళ్ళీ అదే రమ్మీ బుర్ర. వరసలో పెట్టేశాం కాబట్టి వాటి పని అయిపోయింది అనుకునే బుర్ర.

అందుకని నా మాట వినండి. ఎంత అందమైన వరస ఉన్నా సరే, మొదట పదిహేనులే. ఎడమవైపు మొదటి ముక్క పట్టుకుని మిగతా నాలుగింటితో కలిపి చూడండి. తర్వాత రెండోది పట్టుకోండి. రెండేసి అయ్యాక మూడేసి, చిన్న ముక్కలుంటే నాలుగేసి. అవన్నీ అయ్యాకే జతలు, వరసలు. ఆఖర్న కోసిన ముక్క గుర్తుదే జాకీ చేతిలో ఉంటే ఒకటి. వరసల్ని మాత్రం విడివిడిగా లెక్కపెట్టొద్దు, ఎక్కాల్లాగా బట్టీ కొట్టేయండి. మూడు ముక్కల వరసలో ఒకటి జతగా ఉంటే ఎనిమిది. నాలుగు ముక్కల వరసలో ఒకటి జతగా ఉంటే పది. మూడు ముక్కల వరసలో ఒకే అంకె మూడుసార్లు ఉంటే పదిహేను పాయింట్లు. అదే వరసలో రెండు జతలుంటే పదహారు. ఇందులో జతల పాయింట్లు కలిసే ఉంటాయి, పదిహేనులు మాత్రం విడిగా కలుపుకోవాలి. ఏడు, ఏడు, ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది పడితే పదహారుకి నాలుగు పదిహేనుల ఎనిమిది కలిపి ఇరవై నాలుగు. ఈ నాలుగు అంకెలూ నోటికొస్తే సగం పని అయినట్టే. బట్టీ తప్పని మన పిల్లలకి ఈ మధ్య తెగ నూరిపోస్తున్నారు కానీ, బట్టీ లేకుండా ఎవరికైనా ఎక్కాలొచ్చాయా?

పైకి అనండి. ఇది ముఖ్యం. మనసులో అనుకుంటే రెండు పాయింట్లు ఎటో జారిపోతాయి. తెలుగులోనే అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. నేను ఇప్పటికీ "పదిహేను రెండు, పదిహేను నాలుగు" అనే అంటాను.

ఫోన్ యాప్‌లో నేర్చుకుందామని మాత్రం చూడకండి. నేను ఆ చలికాలంలో బస్సులో కూర్చుని వందల ఆటలు ఆడాను. ముక్కలు పడగానే అదే లెక్కపెట్టేసి టింగుమని చెప్పేస్తుంది, మనం తలూపుతాం. కాలిక్యులేటర్ పెట్టుకుని కూడికలు నేర్చుకున్నట్టు. కొన్నిట్లో మనమే లెక్క చెప్పే సెట్టింగ్ ఉంటుంది, తప్పనిసరైతే అది పెట్టుకోండి. అసలు ముక్కల ఆటల యాప్‌లంటేనే నాకు ఒళ్ళు మంట. మా ఊళ్ళో ఆన్‌లైన్ రమ్మీలో పొలం అమ్ముకున్నవాళ్ళు నాకు తెలుసు.

దాంతో వచ్చిన చిక్కేమిటంటే, ఫోన్లో "క్రిబేజ్ ఆడుతున్నానమ్మా" అంటే మా అమ్మకి వినబడేది పేకాట అన్న ఒక్క మాటే. "చదివించి అమెరికా పంపితే పేకాటా?" అని ఒక వారం మాట్లాడలేదు. ఆవిణ్ణి ఒప్పించడానికి నేను కోర్టు తీర్పులు కూడా చదివాను. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది 1967లో. ఆ మరుసటి ఏడాది, 1968లో బ్రిటన్ చేసిన గేమింగ్ చట్టం పబ్బుల్లో చిన్న పందేలకి పేరుపెట్టి మరీ అనుమతిచ్చిన ఆటలు రెండే, డొమినోలు, క్రిబేజ్. ఇదంతా అమ్మకి వివరంగా చెప్పాను. "పబ్బులోనా?" అంది. ఇక మా బావమరిదికి పెగ్గింగ్ అంటే పుల్లలు జరపడమని ఎంత చెప్పినా నమ్మడు.

చివరగా బోర్డు గురించి. లేదని ఆగిపోకండి. అట్టముక్క మీద 121 గళ్ళు రెండు వరసలు గీసుకోండి. మనిషికి రెండు చింతపిక్కలు. రెండెందుకంటే, వెనకదాన్ని ఎత్తి ముందుదాన్ని దాటించి పెట్టాలి. అప్పుడు వెనక మిగిలింది పాత స్కోరు, లెక్క తప్పితే రెండింటి మధ్యా గళ్ళు చూసుకోవచ్చు. నేను, మా ఆవిడ అలాగే మొదలుపెట్టాం. ఆవిడ రెండు వారాల్లో నేర్చుకుంది. ఆవిడకి రమ్మీ రాదు.